డాగ్‌బెరీ తప్పులను ఎవరు దిద్దాలి?

ఒక మాట అనబోయి, దానిలాగే వినిపించే మరో మాట అనేసి నవ్వులపాలు కావడాన్ని ఇంగ్లీషులో మాలాప్రోపిజం అంటారు. ఆ పేరు మిసెస్ మాలాప్రోప్ అనే పాత్ర నుంచి వచ్చింది. ఆమె కనిపించే నాటకం 'ది రైవల్స్'. 1775 జనవరి 17న లండన్‌లోని కవెంట్ గార్డెన్ రంగశాలలో అది మొదటిసారి ప్రదర్శితమై విఫలమైంది. రచయిత పదకొండు రోజుల్లో దాన్ని దిద్ది మళ్ళీ ఆడించి గెలిచాడు. ఆ రచయిత రిచర్డ్ బ్రిన్స్‌లీ షెరిడన్‌కు అప్పటికి ఇరవైమూడేళ్ళు. అతను చిన్నతనంలో చదువుకున్నది లండన్‌కు వాయవ్యంగా ఉన్న హారో కొండమీది బడిలో.

వైద్యశాస్త్రంలో జరిగే అన్యాయమే ఇక్కడా జరిగింది. వ్యాధిని వర్ణించిన వైద్యుడి పేరు మిగిలింది, మొదటి రోగి పేరు మరుగున పడింది. షెరిడన్‌కు 175 ఏళ్ళ ముందే, 1600లో అచ్చయిన 'మచ్ అడో అబౌట్ నథింగ్'లో ఈ లక్షణాలన్నీ ఉన్న మనిషి ఒకడున్నాడు. అతను డాగ్‌బెరీ, మెస్సినా పట్టణంలో రాత్రి గస్తీ తిరిగే కావలివాళ్ళకు పెద్ద. ఆ తొలి ముద్రణలో కొన్నిచోట్ల డాగ్‌బెరీ పేరుకు బదులు 'కెంప్' అని పడింది. విల్ కెంప్ షేక్స్పియర్ బృందంలోని ప్రసిద్ధ హాస్యనటుడు. రాసేటప్పుడు కవి మనసులో పాత్ర కంటే ముందు నటుడు నిలబడ్డాడని ఈ చిన్న అచ్చు పొరపాటే చెబుతుంది. తప్పుల మీద బతికే పాత్రకు తగిన తప్పు!

షేక్స్పియర్‌ను నేటి ఇంగ్లీషులోకి మార్చాలన్న వాదం బలపడుతున్న ఈ కాలంలో డాగ్‌బెరీ గురించి ఆలోచించడం అవసరం. అమెరికాలోని ఆరెగన్ షేక్స్పియర్ ఫెస్టివల్ 2015లో ముప్పైతొమ్మిది నాటకాలను ఆధునిక ఇంగ్లీషులోకి మార్చే పనిని ముప్పైఆరుగురు నాటకకర్తలకు అప్పగించింది. 2019 నాటికి అన్నిటినీ న్యూయార్క్‌లో చదివి వినిపించారు. వాళ్ళకిచ్చిన మొదటి నియమం ఏ వైద్యుడికైనా పరిచితమే: ముందు కీడు చేయవద్దు. భాషాశాస్త్రవేత్త జాన్ మెక్‌వోర్టర్ ఈ ప్రయత్నాన్ని సమర్థించాడు. నాలుగు వందల ఏళ్ళలో పదాల అర్థాలు జారిపోయాయనీ, ప్రేక్షకుడు అర్థమైనట్లు నటిస్తూ కూర్చుంటున్నాడనీ అతని వాదం. షేక్స్పియర్ పరిశోధకుడు జేమ్స్ షపీరో వ్యతిరేకించాడు. లోపం భాషలో లేదు, దాన్ని అర్థం చేసుకోకుండా వేదిక ఎక్కే నటుల్లోనూ దర్శకుల్లోనూ ఉందన్నాడు.

ఇద్దరి మాటల్లోనూ నిజముంది. అయితే ఇద్దరూ ఎక్కువగా మాట్లాడింది అర్థం గురించి. హాస్యం విషయానికొస్తే ప్రశ్న మరోలా ఉంటుంది. విషాద నాటకంలో ఒక పదం అర్థం కాకపోతే ప్రేక్షకుడికి కొంత పోతుంది, మిగతాది సన్నివేశం పూరిస్తుంది. హాస్యంలో ఆ పదమే సన్నివేశం కావచ్చు. పైగా హాస్య నాటకంలోని దుర్బోధతలో రెండు రకాలుంటాయి. కాలం గడిచి పాతబడినందువల్ల అర్థం కాని మాట ఒకటి. పుట్టినరోజు నుంచే తప్పుగా ఉన్న మాట మరొకటి. మొదటిదానికి మార్పు చికిత్స కావచ్చు. రెండోదానికి చికిత్స చేస్తే రోగి పోతాడు.

డాగ్‌బెరీ మాటలు చూస్తే ఈ తేడా స్పష్టమవుతుంది. 'రెస్పెక్ట్' అనాల్సినచోట అతను 'సస్పెక్ట్' అంటాడు. నేరస్థులను 'అప్రిహెండ్' చేశామనడానికి 'కాంప్రిహెండ్' చేశామంటాడు. 'సస్పిషస్' మనుషులు అతని నోట 'ఆస్పిషస్' అవుతారు, అంటే అనుమానితులు శుభప్రదులవుతారు. 'అసెంబ్లీ' కాస్తా 'డిసెంబ్లీ' అవుతుంది. ఇందులో పాతబడినదేమిటి? ఈ జతల్లో దాదాపు అన్ని పదాలూ నేటి ఇంగ్లీషులో నిక్షేపంగా ఉన్నాయి. వార్తాపత్రిక చదివే ఎవరికైనా తెలిసినవే. అంటే నాటకంలో అందరికంటే ఎక్కువ తికమకగా మాట్లాడే మనిషి భాషే అందరికంటే తక్కువ పాతబడింది. మార్చాలనుకుంటే బీట్రిస్, బెనడిక్‌ల సరసోక్తులను మార్చాలి, ప్రభువుల మెలికల వాక్యాలను మార్చాలి. డాగ్‌బెరీని ముట్టుకోవడానికి కారణం తక్కువ.

కానీ ఆధునికీకరణలో చేయి ముందు పడేది ఇలాంటి చోటే. ఒక పేజీలో మూలం, ఎదురుపేజీలో నేటి భాష ఉండే సమాంతర ప్రతులు ఈనాడు ప్రతి పుస్తకాల షాపులోనూ దొరుకుతాయి. 'నో ఫియర్ షేక్స్పియర్' అనే పరంపర పేరులోనే అభయహస్తం ఉంది. ఇలాంటి ప్రతి తయారుచేసేవాడు డాగ్‌బెరీ దగ్గరికి వచ్చేసరికి ఇరకాటంలో పడతాడు. తప్పును తప్పుగానే ఉంచితే ఎదురుపేజీ ఉన్న ప్రయోజనమే నెరవేరదు, పిల్లలు మళ్ళీ అర్థం కాలేదంటారు. సరైన మాట వేస్తే అర్థమవుతుంది, నవ్వు పోతుంది. తప్పు మాట ఉంచి అంచులో వివరణ రాస్తే రెండూ సగం సగం దక్కుతాయి. నవ్వుకు వివరణ రాయడమంటే కప్పను కోసి అది ఎలా గెంతుతుందో చూపించడం లాంటిది. తెలుగువాళ్ళకు టీకా తాత్పర్యాల సంప్రదాయం కొత్త కాదు. పద్యం పైన ఉంటుంది, ప్రతిపదార్థం కింద ఉంటుంది. రసం పద్యంలో ఉంటే కిందిది నిచ్చెన అవుతుంది. చమత్కారం చెవిలో పడీపడగానే వెలగాల్సిందైతే, నిచ్చెన ఎక్కేలోపల దీపం ఆరిపోతుంది.

నవ్వు పోవడం ఒక్కటే నష్టమైతే సర్దుకోవచ్చు. డాగ్‌బెరీ విషయంలో కథే పోతుంది. మూడో అంకం చివర ఏం జరుగుతుందో గుర్తు చేసుకోవాలి. కావలివాళ్ళు రాత్రివేళ బొరాచియోను పట్టుకున్నారు. గవర్నరు లియొనాటో కూతురి శీలం మీద నింద వేసేందుకు పన్నిన కుట్ర వాళ్ళ చెవినబడింది. తెల్లవారితే ఆమె పెళ్ళి. డాగ్‌బెరీ ఆ సంగతి చెప్పడానికే గవర్నరు ఇంటికి వస్తాడు. వచ్చి, చెప్పాల్సింది తప్ప అన్నీ చెబుతాడు. విసిగిన లియొనాటో అతన్ని 'టీడియస్' అంటాడు, అంటే ప్రాణాలు తోడేస్తున్నావని. ఆ మాట అర్థం తెలియని డాగ్‌బెరీ దాన్ని బిరుదుగా భావించి, తన దగ్గర అది ఎంత ఉన్నా దొరవారికే సమర్పించుకుంటానని వినయంగా ప్రకటిస్తాడు. పెళ్ళి తొందరలో ఉన్న లియొనాటో, విచారణ నువ్వే చేసుకో అని పంపేస్తాడు. కాసేపటికి నిండు చర్చిలో పెళ్ళికూతురికి అవమానం జరుగుతుంది.

ఇక్కడ డాగ్‌బెరీ రెండు వాక్యాలు స్పష్టంగా మాట్లాడి ఉంటే నాటకం అక్కడితో సమాప్తం. అతని భాష కథకు కట్టిన తోరణం కాదు, కథను మోసే దూలం. నేటి ఇంగ్లీషులో అతన్ని సుబోధంగా చేసిన అనువాదకుడు లియొనాటోను మూర్ఖుణ్ణి చేస్తాడు. అంత తేటగా చెప్పినా వినిపించుకోలేదేమిటని ప్రేక్షకుడు అడుగుతాడు.

ఈ సన్నివేశం వైద్యులను కలవరపెట్టక మానదు. వైద్య కళాశాలలో మొదట నేర్పే పాఠాల్లో ఒకటి, రోగి ప్రధానమైన బాధను రోగి మాటల్లోనే రాయాలని. 'గుండెల్లో గాబరాగా ఉంది' అని వచ్చిన మనిషి కేసు షీటులో హౌస్ సర్జన్ 'పాల్పిటేషన్స్' అని రాస్తే, ఆ మనిషి చెప్పింది గుండెదడ గురించా, ఊపిరాడకపోవడం గురించా, దిగులు గురించా అనేది ఆ క్షణమే చెరిగిపోతుంది. తర్వాత చూసే పెద్ద డాక్టరుకు రోగి కనిపించడు, హౌస్ సర్జన్ అనువాదం కనిపిస్తుంది. చుట్టుతిప్పి మాట్లాడే రోగి ఏడో వాక్యంలో చెప్పే ముక్కే అసలు సంగతి కావడమూ, ఆ వాక్యం వచ్చేసరికి వినేవాడి చూపు గడియారం మీద ఉండడమూ వృత్తిలో అందరూ ఎరిగినదే. లియొనాటో చేసింది అదే.

మాటలు ఇలా తారుమారు కావడం యాదృచ్ఛికం కాదని మానసిక భాషాశాస్త్రం చూపించింది. డేవిడ్ ఫే, ఆన్ కట్లర్ 1977లో ప్రచురించిన వ్యాసం ఈ విషయంలో ప్రసిద్ధం. మామూలు మనుషుల నోటి నుంచి జారిన ఇలాంటి తప్పులను సేకరించి చూస్తే, తప్పు మాటా అసలు మాటా ఒకే వ్యాకరణ వర్గానికి చెందుతాయి. నామవాచకం స్థానంలో నామవాచకం, క్రియ స్థానంలో క్రియ వస్తాయి. అక్షరాల లెక్క చాలావరకు సరిపోతుంది. ఊనిక పడే చోటు కూడా ఒకటే. మనసులో పదాలు అర్థాన్ని బట్టి మాత్రమే కాక ధ్వనిని బట్టి కూడా పక్కపక్కన సర్ది ఉన్నాయనడానికి దీన్ని సాక్ష్యంగా చూపారు. 1977లో తేలిన ఈ లక్షణాలు డాగ్‌బెరీ జతల్లో చాలావాటికి చక్కగా వర్తిస్తాయి. అయితే కవి వాటికి మరొకటి జోడించాడు. మామూలు మనిషి నోరు జారితే వచ్చే మాటకు అర్థం ఏదైనా కావచ్చు. డాగ్‌బెరీ నోట వచ్చే మాట అతను అనదలచినదానికి సరిగ్గా తలకిందులుగా ఉంటుంది, అయినా ఏదో ఒక కోణంలో నిజంగా కూడా ఉంటుంది. అతన్ని గౌరవించమని అడగబోయి అనుమానించమని అడుగుతాడు. నిజానికి ఆ ఊరి పెద్దలు అతన్ని అనుమానించవలసిందే. అర్థం కాకుండానే నేరస్థులను 'కాంప్రిహెండ్' చేసినవాడు అతనొక్కడే.

తెలుగులోకి ఇది వస్తుందా? ఆశ్చర్యంగా, బాగానే వస్తుంది. 'రెస్పెక్ట్–సస్పెక్ట్' జతకు తెలుగులో 'సన్మానం–అనుమానం' సిద్ధంగా ఉంది. 'నా హోదాకు తగిన అనుమానం చేయరా' అని ఒక పెద్దమనిషి సభలో అంటే ఏ ఊళ్ళోనైనా నవ్వుతారు. ఆ దారినే పోతే 'అనుమానాస్పద వ్యక్తులు' కాస్తా 'సన్మానాస్పద వ్యక్తులు' అవుతారు. 'అదుపులోకి తీసుకున్నాం' అనబోయి 'పొదుపులోకి తీసుకున్నాం' అనవచ్చు. ఒకచోట చేతులు కట్టేయమనే అర్థంలో 'పినియన్డ్' రావలసిన చోట 'ఒపినియన్డ్' అని ఉంది. ఇందులో మొదటి పదం నిజంగానే పాతబడింది, నేటి ఇంగ్లీషువాడికి తప్పు కనిపిస్తుంది కానీ ఒప్పు కనిపించదు. ఆధునికీకరణకు న్యాయమైన చోటు ఇది. కొత్త తప్పు పుట్టించవచ్చు, నేరస్థులను 'కస్టడీ'లోకి కాక 'కస్టర్డ్'లోకి తీసుకోవచ్చు. తెలుగులో 'వీళ్ళను బంధించండి' అనే బదులు 'వీళ్ళను బంధువులను చేయండి' అంటే సరిపోతుంది. అసలు పదం చచ్చినచోట మరో సజీవమైన తప్పును నాటడం, బతికున్నచోట చేయి వెనక్కి తీసుకోవడం, ఈ రెండూ తెలిసిన అనువాదకుడికి డాగ్‌బెరీని అప్పగించవచ్చు.

తెలుగులో ప్రమాదం మరో వైపు నుంచి వస్తుంది. హాస్యపాత్ర అనగానే ఒక ప్రాంతపు యాస తగిలించడం మన సినిమాలకు పట్టిన పాత జబ్బు. నాయకుడు ఎక్కడివాడైనా పుస్తకాల తెలుగు మాట్లాడతాడు, అతని పనివాడు శ్రీకాకుళం యాసో తెలంగాణ యాసో మాట్లాడి నవ్విస్తాడు. డాగ్‌బెరీకి అలాంటి యాస పెట్టడం శుద్ధ తప్పు. అతని హాస్యం అతని ఊరిది కాదు, అతని ఆశది. తనది కాని అధికారభాషను అందుకోవాలని ముని వేళ్ళ మీద నిలబడి చేయి చాస్తాడు, పక్కనున్నది అందుతుంది. కాబట్టి తెలుగు డాగ్‌బెరీ మాట్లాడవలసింది పల్లె తెలుగు కాదు, కచేరీ తెలుగు. 'తదుపరి చర్యల నిమిత్తం', 'పై విషయమై విన్నవించుకునేది' లాంటి పడికట్టు మాటల మధ్య అతను జారిపడాలి.

తప్పును దిద్దేసే అలవాటు మన దేశంలో ఇంతకంటే పాతది. సంస్కృత నాటకాల్లో విదూషకుడు బ్రాహ్మణుడై ఉండి కూడా ప్రాకృతం మాట్లాడతాడు. చదువు రావలసిన కులంలో పుట్టి చదువుల భాష మాట్లాడకపోవడమే అతని మొదటి చమత్కారం. నాటకాలు అచ్చు వేసేటప్పుడు ప్రాకృత భాగాల కింద సంస్కృతంలో 'ఛాయ' ఇస్తారు. ప్రాకృతం కష్టం గనుక చదువరులు చాలామంది ఛాయతోనే సరిపెట్టుకుంటారు. ఛాయలో విదూషకుడు రాజుగారంత శుద్ధంగా మాట్లాడతాడు. శూద్రకుడి 'మృచ్ఛకటికం'లో శకారుడి పరిస్థితి ఇంకా చిత్రం. రాజుగారి బావమరిదినన్న పొగరు తలకెక్కిన ఆ మనిషికి 'స'కారం పలకదు, అన్నిటికీ 'శ'కారమే. అతని పేరే అలా వచ్చింది. ఛాయలో అతని 'శ'లన్నీ 'స'లుగా దిద్దుకుంటాయి, పేరు మాత్రం కారణం లేకుండా మిగిలిపోతుంది. అదృష్టవశాత్తు అతని తప్పులు ఉచ్చారణతో ఆగవు. పురాణాలు తెలుసని చూపించుకోబోయి కుంతిని తీసుకెళ్ళి రావణుడి చేతిలో పెడతాడు. ఇది ఛాయలోనూ బతుకుతుంది, తెలుగులోనూ బతుకుతుంది, కథ తెలిసినంతకాలం ఏ భాషలోనైనా బతుకుతుంది. ధ్వనిలోని తప్పు తొందరగా చస్తుంది, సంగతిలోని తప్పు నిలుస్తుంది.

షేక్స్పియర్ శ్లేషల్లో చచ్చినవి చాలావరకు ధ్వనిలోనివే. ఈ నాటకం పేరులోని 'నథింగ్', ఆ రోజుల్లో 'నోటింగ్' అన్న మాటకు దగ్గరగా పలికేది. నోటింగ్ అంటే గమనించడం, చాటుగా వినడం. నాటకమంతా చాటుగా వినడాల మీదే నడుస్తుంది. పేరులోని ఆ రెండో అర్థం నేటి ఇంగ్లీషుకు వినిపించదు, ఆధునికీకరించేవాళ్ళూ దాన్ని తాకలేదు. డేవిడ్ క్రిస్టల్ సాయంతో లండన్ గ్లోబ్ థియేటరు 2004లో ఆనాటి ఉచ్చారణను పునర్నిర్మించి 'రోమియో అండ్ జూలియెట్' ఆడినప్పుడు ఇలాంటి మూగబోయిన శ్లేషలు కొన్నింటికి మళ్ళీ గొంతు వచ్చింది. కొన్ని శ్లేషలకు పరభాషలో అనుకోని పునర్జన్మ దొరుకుతుంది. బీట్రిస్ ఒకచోట మూతి ముడుచుకున్న క్లాడియోను నారింజతో పోలుస్తుంది. మర్యాద అనే అర్థమున్న 'సివిల్', పుల్లని చేదు నారింజలకు పేరుపడ్డ స్పెయిన్ నగరం 'సెవిల్' ఆ రోజుల్లో ఒకేలా వినిపించేవి. తెలుగులో పుల్లని నారింజ ఉంది, పుల్ల విరిచినట్లు మాట్లాడడమూ ఉంది. రెంటినీ కలిపితే చాలు, వ్యాఖ్య అక్కర్లేదు.

దీనికి ఎదురు ఉదాహరణ 'ఎ మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్'లోని బాటమ్. అతను నేతగాడు. నూలు చుట్టే కండెకు ఆనాటి నేతగాళ్ళ మాట 'బాటమ్', పేరు అలా వచ్చింది. నేటి ప్రేక్షకుడు ఆ పేరు విని పిరుదులనుకుని నవ్వుతాడు. ఆ అర్థంలో ఆ మాటకు షేక్స్పియర్ కాలపు ఆధారం స్పష్టంగా లేదంటారు. కాలం తీసుకెళ్ళడమే కాదు, ఒక్కోసారి అడగని నవ్వును తెచ్చి కూడా ఇస్తుంది.

ఈ నాటకమే మళ్ళీ హారో కొండ మీదికి తీసుకెళుతుంది. 1940లలో హారో బడిలో రొనాల్డ్ వాట్కిన్స్ అనే ఉపాధ్యాయుడు షేక్స్పియర్ నాటకాలను ఎలిజబెత్ కాలపు పద్ధతిలో ఆడించడం మొదలుపెట్టాడు. రంగస్థలం అక్కడి స్పీచ్ రూమ్. విలియం బర్జెస్ అనే వాస్తుశిల్పి రూపకల్పన చేసిన అర్ధవృత్తాకారపు పెద్ద సభాభవనం అది. నటులు విద్యార్థులు, ఆడవేషాలూ మగపిల్లలవే, షేక్స్పియర్ కాలంలోలాగే. తెరలు మార్చడం, దీపాలతో రాత్రిని సృష్టించడం లేవు. 1946లో అతను ప్రచురించిన 'మూన్‌లైట్ ఎట్ ది గ్లోబ్' అనే గ్రంథం 'డ్రీమ్' నాటకాన్ని హారోలో ఆడించిన అనుభవం మీద రాసింది. గ్లోబ్‌లో నాటకాలు మధ్యాహ్నపు ఎండలో ఆడేవారు. ఆ ఎండలో వెన్నెల ఎక్కడి నుంచి వచ్చింది? మాటల్లోంచి. వాట్కిన్స్ వాదానికి మూలం అదే. కవి మాటలతో వెలిగించినదాన్ని దర్శకుడు విద్యుద్దీపంతో మళ్ళీ వెలిగించనక్కర్లేదు, అలా చేస్తే మాటలు వెలవెలబోతాయి. కావాల్సింది ఆ మాటలకు తగిన వేదిక, వాటిని అర్థం చేసుకుని పలికే నోరు. షపీరో 2015లో అన్నదానికి ఇది డెబ్బై ఏళ్ళ ముందరి రూపం.

ఆ నాటకంలోని చేతిపనివాళ్ళు ఇదే సమస్యతో సతమతమవుతారు. డ్యూకు పెళ్ళిలో ప్రేమకథ ఆడాలనుకున్న ఆ నేతగాడు, వడ్రంగి, దర్జీ బృందానికి మాటల మీద నమ్మకం లేదు. నాటకంలో వెన్నెల ఉండాలి, గదిలోకి వెన్నెల ఎలా వస్తుందని పంచాంగం తిరగేస్తారు. చివరికి ఒకడికి లాంతరు ఇచ్చి చంద్రుడిగా నిలబెడతారు. సింహం వస్తే ఆడవాళ్ళు జడుసుకుంటారని, సింహం వేషం వేసినవాడు ముందుకొచ్చి తాను సింహాన్ని కాననీ ఫలానా పనివాణ్ణనీ విన్నవించుకుంటాడు. ప్రేక్షకుడికి ఎక్కడ అర్థం కాదో, ఎక్కడ భయపడతాడో అని ముందే చెప్పే ఆ సింహం ప్రసంగం, టీకలమీద షేక్స్పియర్ స్వయంగా వేసిన వ్యంగ్యం. ప్రతి మాటనూ విప్పి చెప్పే ఆధునిక ప్రతికి ఇంతకంటే మంచి ముఖచిత్రం దొరకదు.

అయినా వాట్కిన్స్ దారిని యథాతథంగా నేటి హారోకు వర్తింపజేయలేము. అతని నటులు, ప్రేక్షకులు సంపన్నుల బడిలో లాటిన్ చదువుతూ పెరిగిన పిల్లలు. డాగ్‌బెరీ తారుమారు చేసే మాటలు దాదాపు అన్నీ లాటిన్ నుంచి వచ్చినవే, వాళ్ళకు తప్పూ ఒప్పూ ఒకేసారి వినిపించేవి. ఆ కొండ కింద ఇవాళ ఉన్నది వేరే హారో. గుజరాతీ, తమిళం, తెలుగు ఇళ్ళల్లో వినిపించే ఊరు. ఆ ఇళ్ళ పిల్లలు పదహారేళ్ళకు జీసీఎస్‌ఈ ఇంగ్లీషు సాహిత్యంలో ఒక షేక్స్పియర్ నాటకం చదివి తీరాలి. పరీక్ష బోర్డుల జాబితాలో 'మచ్ అడో' కూడా ఒకటి. పరీక్ష గదిలోకి పుస్తకం రానివ్వరు. ఎదురుపేజీ తెలుగు మీడియం గైడులాంటిది, దాన్ని వద్దనడం అమానుషం.

అయితే ఆ పిల్లలకు వాట్కిన్స్ శిష్యులకు లేని ఒక అనుభవం ఉంది. వాళ్ళు డాగ్‌బెరీని ఇంట్లో చూశారు. భారతదేశం నుంచి వచ్చిన తాతగారో మామ్మగారో జీపీ దగ్గర, బ్యాంకులో, కౌన్సిలు ఆఫీసులో పెద్ద ఇంగ్లీషు మాట వాడబోయి పక్కమాట వాడితే పక్కనున్న మనవరాలు సిగ్గుతో తల దించుకుంటుంది. ఆ పిల్లకు డాగ్‌బెరీ హాస్యం అర్థం కాకపోవడం సమస్య కాదు, మరీ దగ్గరగా అర్థం కావడం సమస్య. షేక్స్పియర్ ఈ సంగతిలో ఎవరి పక్షాన ఉన్నాడనేది అందుకే ముఖ్యం. నాటకంలో చక్కటి ఇంగ్లీషు మాట్లాడే ప్రభువులందరూ మోసపోతారు. ఆ నిర్దోషి పిల్లను నలుగురిలో నిందించేది వాళ్ళే. నిజాన్ని పట్టుకున్నది మాట సరిగా రాని డాగ్‌బెరీ మనుషులు. పట్టుబడ్డ బొరాచియో చివర్లో తానే ఒప్పుకుంటాడు, తెలివైనవాళ్ళకు కనిపించనిది ఈ వెర్రివాళ్ళు బయటపెట్టారని. డాగ్‌బెరీ భాషను శుభ్రం చేసిన ప్రతిలో ఈ గెలుపు మామూలు పోలీసు దర్యాప్తు అవుతుంది. తప్పులతో సహా ఉంచితేనే ఆ గెలుపు అతనిది. ఒక బందీ అతన్ని గాడిద అన్నప్పుడు, ఆ తిట్టును రికార్డులో రాయించుకోలేకపోయానే అని అతను పడే బాధకు నవ్వుతూనే ఎవరైనా కొంచెం చలిస్తారు.

తెలుగు సాహిత్యానికీ ఈ పరీక్ష దగ్గరపడుతోంది. 1880లో కందుకూరి వీరేశలింగం 'కామెడీ ఆఫ్ ఎర్రర్స్'ను 'చమత్కార రత్నావళి'గా తెచ్చారు. అది కవలల తికమక మీద నడిచే కథ, మాటల మీద ఆధారం తక్కువ, అందుకే ఏ భాషలోకైనా నడిచి వస్తుంది. 1982లో గుల్జార్ 'అంగూర్' సినిమాగా తీసినా నవ్వు చెడలేదు. గురజాడ 'కన్యాశుల్కం' దారి వేరు. 1897లో మొదట అచ్చయి, 1909లో మారిన రూపంలో వచ్చిన ఆ నాటకంలో హాస్యం ఎవరు ఏ తెలుగు, ఏ ఇంగ్లీషు, ఏ సంస్కృతం మాట్లాడతారన్నదాని మీద నిలుస్తుంది. శిష్యుడు వెంకటేశాన్ని గిరీశం షేక్స్పియర్ అనే పిలుస్తాడు. తల్లిదండ్రుల ముందు గురుశిష్యులిద్దరూ చిన్నపిల్లల పద్యాన్నీ రీడరు పాఠాల్లోని ముక్కలనూ సంభాషణలాగా వల్లిస్తే, ఇంగ్లీషు రాని అగ్నిహోత్రావధాన్లు కుటుంబానికి అది విద్యలా కనిపిస్తుంది. ఆ నాటి చదువరుల్లో సగం మందికి ఆ ఇంగ్లీషే గుట్టు. నేటి హారో పిల్లకు నాటకంలో టీక అక్కర్లేని భాగం అదొక్కటే, మిగతా విశాఖ తెలుగంతా గుట్టు. 'కన్యాశుల్కం'ను నేటి తెలుగులోకి మార్చాలని ఎవరైనా పూనుకుంటే ముందుగా తేల్చుకోవలసింది ఏ మాటలు పాతబడ్డాయన్నది కాదు, ఏ మాటలు మొదటి రోజునే వినేవాడికి అర్థం కాకూడదని రాశారన్నది.

డాగ్‌బెరీ మాటల్లో ఒకటి ఎవరికీ చిక్కలేదు. విచారణ జరిపే దృశ్యంలో అతను ఒక పద్ధతిని 'ఎఫ్టెస్ట్' అంటాడు. ఆ మాట మరెక్కడా కనిపించదు. 'డెఫ్టెస్ట్' అనబోయాడని కొందరు, 'ఆప్టెస్ట్' అని మరికొందరు ఊహించారు. అచ్చుగూడంలో అక్షరం జారిందో, డాగ్‌బెరీ నాలుకే జారిందో, కెంప్ వేదిక మీద అప్పటికప్పుడు పుట్టించాడో నిర్ధారించడానికి ఆధారం లేదు. తెలుగు చేసేవాళ్ళు 'సులువైన' అని రాస్తే పని అయిపోతుంది. 'సుళువాటి' అనో 'సులభోపేక్షమైన' అనో రాసి, కింద ఏ గుర్తూ పెట్టకుండా వదిలేస్తే, నటుడికి ఏదైనా చేసుకునే వీలు మిగులుతుంది.